సీరియల్ పోర్టు ఉన్న యంత్రాలకు ప్రోగ్రాములు చేరవేసే చేతి నిల్వ పరికరాలు

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలుమార్గం అరకు దాటాక కోరాపుట్ చేరుతుంది. కోరాపుట్‌కు దగ్గరలోనే సునాబెడ ఉంది. మిగ్-21 విమానాల ఇంజన్ల తయారీ కోసం హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ కోరాపుట్ విభాగాన్ని 1964లో అక్కడ నెలకొల్పింది. అరకు నుంచి ఘాట్ రోడ్డు రెండోవైపు దిగితే సుమారు 115 కిలోమీటర్ల దూరంలో విశాఖపట్నం, అక్కడి భారీ కర్మాగారాలు, గాజువాక ఆటోనగర్‌లోని చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. ఈ కొండల్లో ఐ.టి.ఐ. గాని పాలిటెక్నిక్ గాని చదివి, పని చేసుకుంటూనే ఈ పాఠ్యక్రమంలో చేరిన మీకు, ఈ రెండు వైపుల్లో ఎటు వెళ్లినా సి.ఎన్.సి. యంత్రం ఎదురవుతుంది. అది కొత్తదే అయి ఉండాలన్న నియమం లేదు. చిన్న వర్క్‌షాపు యజమాని కొనేది చాలాసార్లు ఇరవై, ముప్పై ఏళ్లు నడిచిన లేత్ లేదా మిల్లింగ్ యంత్రం. దాని ఇనుము గట్టిది, స్లైడులు ఇంకా సూటిగా నడుస్తాయి. అయితే దానికి యు.ఎస్.బి. సాకెట్ ఉండదు. వెనకవైపు 25 పిన్నుల సాకెట్ ఒకటే ఉంటుంది. ఆ సాకెట్ గుండా ప్రోగ్రామును లోపలికి పంపడం, బయటికి తీసుకోవడం, ఆ రెండు పనులూ చేసే చేతి పరికరం ఈ పాఠంలోని విషయం.

టేపు మీటర్లలో జ్ఞాపకశక్తి

అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1952లో ప్రదర్శించింది. హెలికాప్టర్ రెక్కల ఆకృతిని కచ్చితంగా తయారు చేయడానికి జాన్ పార్సన్స్ చేసిన ప్రయత్నం దానికి మూలం. ఆ తరువాత దాదాపు మూడు దశాబ్దాలు యంత్రానికి ఆజ్ఞలు మోసుకొచ్చింది రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు. స్థిరపడిన ప్రమాణం ప్రకారం టేపు వెడల్పు ఒక అంగుళం, అడ్డంగా ఎనిమిది వరుసల రంధ్రాలు, పొడవున అంగుళానికి పది అక్షరాలు. మీటరు టేపులో సుమారు 394 అక్షరాలు పడతాయి.

ఈ లెక్క ఎందుకంటే, పాత కంట్రోలర్ల జ్ఞాపకశక్తిని కిలోబైట్లలో కాక టేపు మీటర్లలోనే చెప్పేవారు. బట్టల దుకాణంలో గుడ్డ కొలిచినట్టు, ఈ యంత్రానికి 40 మీటర్లు, ఆ యంత్రానికి 80 మీటర్లు అని కేటలాగులో రాసి ఉండేది. 40 మీటర్లంటే సుమారు 16 వేల అక్షరాలు. నేటి ఫోనులో తీసిన ఒక్క ఫొటో అంతకు వంద రెట్లు మించుతుంది. అయినా షాఫ్టు తిప్పే మామూలు ప్రోగ్రాముకు రెండు మూడు వందల అక్షరాలు చాలు కనుక, ఆ 16 వేలతో వర్క్‌షాపులు హాయిగా బతికాయి.

కాగితం చిరుగుతుంది, నూనె పీలుస్తుంది, వానాకాలంలో మెత్తబడుతుంది. అందుకని యంత్ర తయారీదారులే వేరే వాహకాలు తెచ్చారు. జపాన్‌కు చెందిన ఫానక్ బబుల్ క్యాసెట్, ఫ్లాపీ క్యాసెట్, ఆ తరువాత హ్యాండీ ఫైల్ అనే పెట్టెలు ఇచ్చింది. జర్మనీకి చెందిన హైడెన్‌హైన్ ఎఫ్.ఈ. 401 అనే ఫ్లాపీ యూనిట్ ఇచ్చింది. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఒక్కటి సుమారు 3.7 కిలోమీటర్ల టేపుకు సమానం. వీటన్నిటి లోపలి పదార్థం వేరు, బయటి ముఖం మాత్రం ఒకటే. యంత్రానికి అవన్నీ టేపు చదివే పరికరంలాగానే కనిపిస్తాయి. ఇవాళ అమ్ముతున్న, పెన్‌డ్రైవ్ పెట్టుకునే చేతి పెట్టె కూడా ఆ వేషమే వేస్తుంది.

ఒక్క తీగ మీద అక్షరం ఎలా వెళుతుంది

25 పిన్నుల సాకెట్‌లో నడిచేది ఆర్.ఎస్.-232 అనే ప్రమాణం. 1960లో వచ్చి, 1969లో 'సి' అనే సవరణతో స్థిరపడింది. ఇందులో సమాచారం ఒక తీగ మీద ఒక్కొక్క బిట్‌గా, వరుసగా వెళుతుంది. అందుకే సీరియల్ అన్న పేరు. మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య ఉంటే 1, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 మధ్య ఉంటే 0. గడియారపు సంకేతం పంపే తీగ వేరుగా లేదు. కనుక పంపేవాడూ తీసుకునేవాడూ బిట్ ఎంతసేపు ఉంటుందో ముందే ఒప్పుకోవాలి. ఆ ఒప్పందమే బాడ్ రేటు.

పాత సి.ఎన్.సి. యంత్రాల్లో తరచు కనిపించే అమరికను తీసుకుందాం: 4800 బాడ్, 7 డేటా బిట్లు, సరి పారిటీ, 2 స్టాప్ బిట్లు. ప్రోగ్రాములో మొదట కనిపించే 'జి' అక్షరపు సంఖ్య 71. ద్విసంఖ్యలో 1000111. తీగ ఖాళీగా ఉన్నప్పుడు 1 స్థితిలో ఉంటుంది. అక్షరం మొదలవుతోందని చెప్పడానికి ఒక 0 వెళుతుంది, అది స్టార్ట్ బిట్. తరువాత డేటా బిట్లు కుడి చివర నుంచి వెళతాయి: 1, 1, 1, 0, 0, 0, 1. వీటిలో నాలుగు ఒకట్లు ఉన్నాయి, అది సరిసంఖ్యే కనుక పారిటీ బిట్ 0. చివర రెండు స్టాప్ బిట్లు, 1, 1. మొత్తం 11 బిట్లు. సెకనుకు 4800 బిట్లు వెళితే సెకనుకు సుమారు 436 అక్షరాలు. 40 మీటర్ల టేపంత ప్రోగ్రాము 40 సెకన్లలోపు చేరుతుంది. అచ్చుల తయారీలో వచ్చే మెగాబైటు ప్రోగ్రాముకు మాత్రం 40 నిమిషాలు పడుతుంది. పైగా అంత ప్రోగ్రాము యంత్రంలో పట్టదు. అలాంటప్పుడు కొంత కొంత పంపుతూ, యంత్రం కోస్తూ ఉంటే మిగిలింది అందిస్తారు. ఆ పనికి పెట్టె నమ్మకంగా గంటలకొద్దీ నిలవాలి.

పారిటీని అతిగా నమ్మే విద్యార్థులను నేను చాలామందిని చూశాను. ఒక బిట్ తారుమారైతే పారిటీ పట్టుకుంటుంది. రెండు తారుమారైతే పట్టుకోదు. అంకె 3 సంఖ్య 0110011, అంకె 5 సంఖ్య 0110101. రెండిటికీ తేడా రెండు బిట్లే, రెండిటిలోనూ ఒకట్లు నాలుగే. ఎక్కడో వెల్డింగ్ సెట్ మోగినప్పుడు పుట్టిన విద్యుత్ అలజడి ఆ రెండు బిట్లను మారిస్తే, 30 మిల్లీమీటర్ల దగ్గర ఆగాల్సిన టూల్ 50 దాకా వెళుతుంది. యంత్రం ఏ అలారమూ చూపదు. చక్ అడ్డంగా ఉంటే టూల్ విరిగి ముక్క ఎగురుతుంది. ఆ ముక్క ఎదుట నిలబడేది మీరే.

పెన్‌డ్రైవ్‌కు 25 పిన్నుల సాకెట్ తగిలిస్తే చాలదా?

బజారులో దొరికే చిన్న మార్పిడి తీగను చూపి విద్యార్థులు అడిగే ప్రశ్న ఇది. చాలదు. పెన్‌డ్రైవ్ తనంతట తాను మాట్లాడదు. ఒక యజమాని, అంటే కంప్యూటర్ లాంటిది, ఫలానా చోట ఉన్న 512 బైట్ల ముక్క ఇవ్వమని అడిగితేనే ఇస్తుంది. సి.ఎన్.సి. యంత్రపు సీరియల్ పోర్టుకు అలా అడగడం తెలియదు. దానికి తెలిసింది అక్షరాల వరుస మాత్రమే. రెండు భాషలూ తెలిసిన మధ్యవర్తి కావాలి.

చేతి పెట్టెలో ఉండేది ఆ మధ్యవర్తే. చిన్న మైక్రోకంట్రోలర్ ఒకవైపు పెన్‌డ్రైవ్‌కు యజమానిగా నడిచి ఫైళ్ల జాబితా చదువుతుంది. మీరు తెర మీద ఫైలు ఎంచుకుంటారు. రెండోవైపు అది ఫైలును అక్షరాలుగా విడదీసి, ప్రతి అక్షరానికి స్టార్ట్, పారిటీ, స్టాప్ బిట్లు చేర్చి, తన లోపలి 3.3 లేదా 5 వోల్టులను ఆర్.ఎస్.-232 వోల్టులుగా మార్చే చిప్ గుండా పంపుతుంది. బాడ్ రేటు, పారిటీ లాంటి అమరికలు పెట్టెలో ఏవి పెట్టారో యంత్రపు పారామీటర్లలోనూ అవే ఉండాలి. కొనేటప్పుడు పెట్టె ఎన్ని గిగాబైట్లు మోస్తుందని అడగకండి. 4 గిగాబైట్లంటే సుమారు 10 వేల కిలోమీటర్ల టేపు; ఏ వర్క్‌షాపుకూ అంత అవసరం రాదు. యంత్రం ఆగమంటే ఆగుతుందా, యంత్రం నుంచి వచ్చేది కూడా రాసుకుంటుందా, బ్యాటరీతో నడుస్తుందా అని అడగండి.

'ఆగు', 'పంపు'

ఒకప్పుడు రేషన్ దుకాణంలో గరాటు పెట్టి సీసాలో కిరోసిన్ పోసే మనిషి గరాటు నిండగానే చెయ్యి ఎత్తేవాడు. ఎత్తకపోతే నేలపాలు. యంత్రానికీ అలాంటి చిన్న గరాటు ఉంది, దాన్ని బఫర్ అంటారు. వచ్చిన అక్షరాలను సర్ది జ్ఞాపకంలో పెట్టే లోపల బఫర్ నిండితే, యంత్రం తిరుగు తీగ మీద 19 సంఖ్య గల సంకేతం పంపుతుంది. అది 'ఆగు', దాన్ని ఎక్స్-ఆఫ్ అంటారు. ఖాళీ అయ్యాక 17 పంపుతుంది. అది 'పంపు', ఎక్స్-ఆన్. యంత్రం నుంచి ప్రోగ్రాము బయటికి వచ్చేటప్పుడు మొదట 18, చివర 20 వస్తాయి. కాగితం రోజుల్లో ఇవే రీడర్‌ను, పంచ్‌ను ఆడించి ఆపే మీటలు. మంచి చేతి పెట్టె 17 వచ్చేదాకా కదలకుండా కాచుకుని ఉంటుంది. మీరు యంత్రం దగ్గర రీడ్ నొక్కితే చాలు.

ఫానక్ కంట్రోలర్ మీద పనిచేసేవారు మూడు అలారాలు గుర్తుంచుకోవాలి. 085 వస్తే బాడ్ రేటు గాని బిట్ల అమరిక గాని కుదరలేదు. 087 వస్తే యంత్రం 'ఆగు' అన్నా అవతలివైపు ఆగలేదు. 086 వస్తే అవతలి పరికరం సిద్ధంగా ఉందన్న సంకేతం రాలేదు. సాధారణంగా కేబుల్ దోషం. 25 పిన్నుల కేబుల్‌లో 2, 3 అడ్డంగా కలుస్తాయి, 7 నుంచి 7కు సిగ్నల్ గ్రౌండ్. 4, 5 పిన్నులను ఒక జంటగా, 6, 8, 20 పిన్నులను ఒక గుత్తిగా అదే కొనలో కలుపుతారు. ఈ గుత్తి ఊడితే 086. ఫానక్ సాకెట్‌లో 25వ పిన్ మీద 24 వోల్టులు ఉంటాయి, తమ సొంత పెట్టెలకు కరెంటు ఇవ్వడానికి. 25 తీగలూ ఉన్న కంప్యూటర్ కేబుల్‌ను అక్కడ తగిలిస్తే ఆ 24 వోల్టులు ఎక్కడికి వెళతాయో ఆలోచించండి.

అక్షరం పోవడం ఎంత ప్రమాదమో కూడా చూడాలి. చాలా పాత కంట్రోలర్లలో 'ఎక్స్125.' అంటే 125 మిల్లీమీటర్లు. చివరి చుక్క పోతే అదే 'ఎక్స్125' అంటే 125 మైక్రాన్లు, 0.125 మిల్లీమీటరు. చుక్క ఒక్కటి పోయి కొలత వెయ్యి వంతులైంది.

లాప్‌టాప్ ఉండగా పెట్టె ఎందుకు?

లాప్‌టాప్‌తోనూ పంపవచ్చు, చాలామంది అదే చేస్తారు. చేతి పెట్టెకు నేను ఓటు వేయడానికి మొదటి కారణం ఎర్త్. ఆర్.ఎస్.-232లో రెండు పరికరాల గ్రౌండ్లు 7వ పిన్ తీగతో కలిసిపోతాయి. లాప్‌టాప్ ఛార్జరు గోడ మీది ఒక సాకెట్‌లో, యంత్రం వేరే ఎర్త్ మీద ఉంటే, ఆ రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న వోల్టేజీ తేడా అంతా ఆ సన్నటి తీగలోనే ప్రవహిస్తుంది. రాతినేల ఉన్న కొండ ప్రాంతంలో మంచి ఎర్త్ దొరకడమే కష్టం. ఏప్రిల్, మే నెలల ఉరుములు, పిడుగులు దానికి తోడు. ఒక వర్క్‌షాపులో సాయంత్రం ఉరుముతుండగా ఛార్జరు పెట్టిన లాప్‌టాప్‌తో ప్రోగ్రాము పంపుతుంటే యంత్రపు సీరియల్ కార్డు, లాప్‌టాప్ రెండూ ఒకేసారి పోయాయి. బ్యాటరీతో నడిచే పెట్టెకు వేరే ఎర్త్ లేదు కనుక ఆ ప్రవాహానికి దారి లేదు. లాప్‌టాపే వాడాల్సి వస్తే ఛార్జరు ఊడదీసి వాడండి, లేదా విద్యుత్‌ను విడదీసే ఆప్టికల్ ఐసొలేటర్ మధ్యలో పెట్టండి.

రెండో కారణం దూరం. ఆర్.ఎస్.-232-సి ప్రమాణం కేబుల్‌కు చెప్పిన పొడవు 50 అడుగులు, సుమారు 15 మీటర్లు. ప్రోగ్రాములు రాసే గది షెడ్డుకు అవతల ఉంటే అంత దూరం తీగ లాగేకంటే ఫైలును జేబులో వేసుకుని నడవడం చౌక. మూడోది వైరస్. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ పెన్‌డ్రైవ్‌ల గుండా విండోస్ కంప్యూటర్లలోకి పాకి, అక్కడి నుంచి ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం కేంద్రంలో సెంట్రిఫ్యూజ్‌లను నడిపే సీమెన్స్ కంట్రోలర్ల దాకా వెళ్లింది. ఇంటర్నెట్‌తో సంబంధం లేకపోవడం ఒక్కటే రక్షణ కాదని ప్రపంచానికి తెలిసింది అప్పుడే. విండోస్ లేని చేతి పెట్టె మీద ఆ వైరస్ నడవలేదు. పాత సి.ఎన్.సి. కూడా వచ్చిన అక్షరాలను కోతకు సంబంధించిన ఆజ్ఞలుగా తప్ప వేరేగా చదవదు. కాని ప్రోగ్రాములు రాసే కంప్యూటర్ మాటేమిటి? ఆ పెన్‌డ్రైవ్‌ను సినిమాలకు, పాటలకు వాడకుండా యంత్రాల పనికే ఉంచండి.

తిరుగు ప్రయాణం

చేతి పెట్టె అసలు విలువ యంత్రంలోకి పంపినప్పటికంటే యంత్రం నుంచి తీసుకున్నప్పుడు తెలుస్తుంది. పాత కంట్రోలర్‌లోని ప్రోగ్రాములూ, పారామీటర్లూ కరెంటు లేనప్పుడు ఒక చిన్న బ్యాటరీ మీద బతుకుతాయి. కొన్నిటిలో 3 వోల్టుల లిథియం బ్యాటరీ, కొన్నిటిలో మూడు పెద్ద ఆల్కలైన్ సెల్స్ కలిపి 4.5 వోల్టులు. యంత్రం రోజూ ఆన్‌లో ఉన్నంతకాలం బ్యాటరీ నీరసించినా నష్టం కనిపించదు. తెర మీద ఒక మూల 'బ్యాట్' అని మెరుస్తూ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. తుపానుకు ఘాట్‌లో చెట్లు పడి లైను తెగి నాలుగు రోజులు కరెంటు రాదు. అయిదో రోజు యంత్రం ఆన్ చేస్తే తాను ఎవరో దానికే తెలియదు. స్క్రూ పిచ్ ఎంత, ఏ అక్షం ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి, ఎంత వేగం మించకూడదు, ఇవన్నీ పారామీటర్లే. వందలకొద్దీ సంఖ్యలు. యంత్రంతో వచ్చిన పారామీటర్ పట్టిక విద్యుత్ క్యాబినెట్ తలుపు లోపలి సంచిలో ఉంటే ఒక్కొక్కటి చేత్తో కొట్టాలి. ఆ కాగితం చెదలు తిని ఉంటే తయారీదారు ఇంజనీరు రావాలి. విశాఖ నుంచి రావాలన్నా ఒక రోజు, పుణె నుంచో బెంగళూరు నుంచో రావాలంటే వారం. యంత్రం ఆగిన ప్రతిరోజూ వర్క్‌షాపుకు కూలి నష్టమే.

పారామీటర్లను నిరుడే పెట్టెలోకి తీసుకుని ఉంటే ఆ పని కొన్ని నిమిషాలు. అయితే ఒక చిక్కు ఉంది: యంత్రం జ్ఞాపకం పోయినప్పుడు సీరియల్ అమరికలు కూడా పోతాయి. కనుక బాడ్ రేటు, బిట్లు, ఏ పారామీటర్ నంబరులో అవి పెట్టాలో కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపుకు అంటించండి. బ్యాటరీ మార్చేటప్పుడు యంత్రానికి కరెంటు ఉండాలి, కంట్రోలర్ ఆన్‌లో ఉండాలి. మిగతా విద్యుత్ పరికరాల మీద పనిచేసే అలవాటు కొద్దీ ముందుగా మెయిన్ ఆపేస్తే, ఏది పోకూడదని బ్యాటరీ మారుస్తున్నారో అదే పోతుంది. క్యాబినెట్‌లో ప్రమాదకర వోల్టేజీ ఉంటుంది కనుక ఈ పని అనుభవజ్ఞుడి ఎదుటే చేయండి.

ఇదే పద్ధతి లోహం కోసే చోట మాత్రమే లేదు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్, నాలుగు 115 మెగావాట్ల యూనిట్లున్న దిగువ సీలేరు వంటి జలవిద్యుత్ కేంద్రాలు ఈ కొండల్లోనే ఉన్నాయి. విద్యుత్ కేంద్రాల్లో, సబ్‌స్టేషన్లలో వాడే న్యూమరికల్ రిలేలకు చాలావాటికి ముందువైపు సీరియల్ పోర్టు ఉంటుంది; సెట్టింగులు లోపలికి, లోపాల రికార్డు బయటికి వెళ్లేది దాని గుండానే. పెద్ద వినియోగదారుల కరెంటు మీటరు నుంచి రీడింగులు తెచ్చే సి.ఎం.ఆర్.ఐ. అనే చేతి పరికరం కూడా మీటరు మీది ఆప్టికల్ పోర్టు ద్వారా సీరియల్‌గానే సమాచారం తీసుకుంటుంది.

చేరింది పంపిందేనా?

పారిటీ చాలదని చూశాం. కాబట్టి పంపిన ప్రోగ్రామును యంత్రం నుంచి మళ్లీ పెట్టెలోకి తీసుకుని, కంప్యూటర్‌లో రెండు ఫైళ్లనూ పోల్చండి. విండోస్‌లోని 'ఎఫ్.సి.' ఆజ్ఞ తేడాలున్న పంక్తులు చూపుతుంది. పంక్తి చివరి గుర్తులు, ఖాళీలు మారి కనిపించవచ్చు. అంకెల్లో, చుక్కల్లో తేడా ఉండకూడదు. ప్రోగ్రామును సాదా టెక్స్ట్ ఫైలుగానే రాయండి. ఉత్తరాలు రాసే సాఫ్ట్‌వేర్ కనిపించని గుర్తులు చేరుస్తుంది. ముందూ వెనకా % గుర్తు ఉండాలి. ఫానక్‌లో ప్రోగ్రాము సంఖ్యకు ముందు వచ్చేది ఇంగ్లిషు అక్షరం 'ఓ', సున్నా కాదు. తెర మీద రెండూ ఒకేలా కనిపించి కొత్తవారిని తిప్పలు పెడతాయి.

పెట్టెలో పాత ప్రోగ్రామూ, దిద్దిన ప్రోగ్రామూ ఒకే పేరుతో ఉండడం, నా దృష్టిలో, బిట్లు తారుమారు కావడం కంటే పెద్ద ప్రమాదం. తీగ అరుదుగా తప్పు చేస్తుంది. మనం ఏ ఫైలు జేబులో వేసుకున్నామో మరచిపోవడం రోజూ జరుగుతుంది. కనుక ప్రోగ్రాము రెండో పంక్తిలో బ్రాకెట్లలో భాగం పేరు, దిద్దిన తేదీ, దిద్దినవారి పొడి అక్షరాలు రాయండి. యంత్రం ఆ పంక్తిని దాటేస్తుంది, మనిషి చదువుతాడు. చక్‌లో ముక్క లేకుండా ఒకసారి, తరువాత సింగిల్ బ్లాక్‌లో ఒక్కొక్క పంక్తిగా ఒకసారి నడిపి, ఆ తరువాతే కోత మొదలుపెట్టండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒకటి. 9600 బాడ్, 7 డేటా బిట్లు, సరి పారిటీ, 2 స్టాప్ బిట్లు. 80 మీటర్ల జ్ఞాపకం నిండుగా ఉన్న యంత్రం నుంచి అంతా బయటికి తీయడానికి ఎంతసేపు పడుతుంది?

రెండు. 1 అనే అంకె దారిలో 7గా మారింది. ఇంకోసారి 9గా మారింది. పారిటీ దేన్ని పట్టుకుంటుంది?

జవాబులు: మొదటిదానికి, అక్షరానికి 11 బిట్లు కనుక సెకనుకు సుమారు 872 అక్షరాలు, 80 మీటర్లలో సుమారు 31,500 అక్షరాలు, మధ్యలో ఆగకపోతే 36 సెకన్లు. రెండవదానికి, 1 అంటే 0110001, 7 అంటే 0110111, తేడా రెండు బిట్లు, పారిటీ పట్టుకోదు. 9 అంటే 0111001, తేడా ఒక్క బిట్, పట్టుకుంటుంది, 085 అలారం వస్తుంది.